తెల్లమచ్చ దారి పట్టుకున్నవాళ్లు

టైగర్ రొయ్య రోజులు గుర్తున్న కృష్ణా డెల్టా రైతుకు తెల్లమచ్చ లక్షణాలు ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు చెక్‌ట్రేలో మేత మిగులుతుంది. మర్నాడో, మూడోనాడో రొయ్యలు లోతు వదిలి గట్టువారకు చేరి నీరసంగా ఈదుతుంటాయి. ఆ సంగతి మనకంటే ముందు కొంగలు, కాకులు కనిపెడతాయి. చచ్చిన రొయ్య తలపెంకు ఒలిచి వెలుతురుకు పెట్టి చూస్తే లోపలివైపు అర మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్ల దాకా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పెంకులో సున్నపు లవణాలు పేరుకుని ఏర్పడే మచ్చలవి. మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు.

కృత్తివెన్నులోనైనా నాగాయలంకలోనైనా, చెరువు పోయిన మర్నాడు గట్టు మీద నడిచే వాదం ఒక్కటే: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? సీడ్‌లోనే ఉందని ఒకరంటారు. హేచరీవాళ్లు పి.సి.ఆర్. రిపోర్టు తీసి చూపిస్తారు. పక్క చెరువువాడు రాత్రికి రాత్రి నీళ్లు మురుగుకాలువలోకి వదిలేశాడని ఇంకొకరు. కాదు, బోదెలో పీతలు మోసుకొచ్చాయని మరొకరు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉండే అవకాశం ఉంది కాబట్టే ఆ వాదం తెగదు.

కోవిడ్ వచ్చాక ప్రపంచం మొత్తం ఇదే వాదంలో పడింది. మార్కెట్ నుంచా, ల్యాబ్ నుంచా అని దేశాలు దేశాలే తగువులాడుకున్నాయి. ఆ గొడవలో పడి మనం మర్చిపోయిన విషయం ఒకటుంది. మన డెల్టాను ముప్పై ఏళ్ల కిందట ఒక వైరస్ మహమ్మారి ముంచెత్తింది. అది మనుషులకు సోకేది కాదు గనక దాన్ని మహమ్మారి అని ఎవరూ పిలవలేదు. కానీ అది నడిచిన దారి అలాంటిదే. తొంభైల మొదట్లో చైనా, తైవాన్ చెరువుల్లో బయటపడింది. 1993లో జపాన్ చేరింది. 1994కల్లా మన తూర్పు తీరం మీద పడింది. 1995లో అమెరికాలోని టెక్సస్, 1999లో ఈక్వడార్. ఆఖరికి 2016 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని లోగన్ నది ఒడ్డు చెరువుల్ని కూడా పట్టింది.

ఈ వైరస్ దారిని పట్టుకోవడానికి కొందరు శాస్త్రవేత్తలు చేసిన పని గురించి ఈ వ్యాసం. ముఖ్యంగా 2010లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి. రాసినవాళ్లు మార్క్ జ్వార్ట్, బుయ్ థీ మిన్ డియు, లియా హెమెరిక్, జస్ట్ వ్లాక్. నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగిన పని. రొయ్యల చెరువులకు పేరే లేని దేశం వాళ్లు మన చెరువుల జబ్బు మీద ఏళ్ల తరబడి కూర్చోవడం ఒక విశేషం. వాళ్లు కూర్చున్న తీరు అంతకన్నా విశేషం.

ముందు చిన్న చిక్కు ఒకటి విప్పాలి. మొదట్లో అది ఒకే వైరస్ అన్న సంగతే తెలియదు. జపాన్‌వాళ్లు కురుమా రొయ్యలో కడ్డీ ఆకారపు వైరస్ చూసి ఒక పేరు పెట్టారు. థాయ్‌లాండ్‌వాళ్లు టైగర్‌లో చూసి ఇంకో పేరు పెట్టారు. చైనా వాళ్లది ఒకటి, తైవాన్ వాళ్లది మరొకటి. పుట్టుక వెతకాలంటే అసలు అన్నిచోట్లా ఉన్నది ఒకటేనా అని తేలాలి కదా. జన్యుపటాలు చేతికి వచ్చాక గానీ ఆ సంగతి గట్టిగా తేలలేదు.

2001 ప్రాంతంలో మూడు పూర్తి జన్యుపటాలు సిద్ధమయ్యాయి. డి.ఎన్.ఏ. అక్షరాల్లో చెప్పాలంటే తైవాన్ నమూనా 3,07,287 అక్షరాల పొడవు. చైనాది 3,05,107. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన రొయ్యలోంచి తీసింది 2,92,967. కోవిడ్ వైరస్ మొత్తం ముప్పై వేల అక్షరాలే అని గుర్తుచేసుకుంటే ఇది ఎంత పెద్ద గ్రంథమో తెలుస్తుంది. 2004లో హెండ్రిక్ మార్క్స్, వ్లాక్ బృందం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసింది. 99.32 శాతం ఒక్కటే. అంటే మూడూ ఒక తల్లి బిడ్డలే, విడిపోయి ఎక్కువ కాలం కాలేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తొంభైతొమ్మిది శాతం ఒకటే అయితే ఇక చూడటానికేముంది? ఈ బృందం మాత్రం మిగిలిన ఆ పిసరు దగ్గరే మకాం పెట్టింది. తేడాలు జన్యుపటం అంతటా చల్లినట్టు లేవు. ప్రధానంగా రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. ఆ రెండు చోట్లకూ అక్కడి జన్యువుల వరస సంఖ్యను బట్టి 14/15 అని, 23/24 అని పేర్లు పెట్టారు. 23/24 దగ్గర తైవాన్ నమూనాతో పోలిస్తే చైనా నమూనాలో సుమారు వెయ్యి అక్షరాల ముక్క లేదు. థాయ్ నమూనాలో ఏకంగా పదమూడు వేల అక్షరాలు లేవు. కత్తిరింపు ఈ రెండింటిలోనూ ఒకే ప్రాంతంలో, వేర్వేరు కొలతల్లో.

లేని ముక్క ఎందుకంత ముఖ్యం? బందరులో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలుచోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించేవాడు. అలాంటి పనిలో తెలిసే కిటుకు ఒకటుంది. ఒక రాయసగాడు ఒకచోట నాలుగు పద్యాలు దాటేశాడనుకోండి, ఆ ప్రతి చూసి రాసిన ప్రతులన్నిటిలోనూ ఆ నాలుగు పద్యాలు ఉండవు. వేరే ప్రతి చేతికందితే తప్ప పోయిన పద్యాన్ని తర్వాతివాడు తిరిగి పుట్టించలేడు. తప్పుగా రాసిన అక్షరాన్ని ఎవడో ఊహించి దిద్దవచ్చు. పోయిన పద్యం పోయినట్టే. కాబట్టి పద్యాలున్న ప్రతి, లేని ప్రతిలోంచి వచ్చి ఉండదు. ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి ఇంత గట్టి ఆధారం మరొకటి దొరకదు. మామూలు అక్షర మార్పులు ఇద్దరు ఎంత దగ్గరి బంధువులో చెబుతాయి. కోత మాత్రం ఎటు నుంచి ఎటు అన్న దిక్కు కూడా చెబుతుంది.

అయితే ఈ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. ముక్కలు పోవడమే కాదు, అరుదుగా వచ్చి చేరడమూ ఉంది. తైవాన్ నమూనాలో మిగతా రెండింట్లో లేని ముక్క ఒకటుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి దుమికే జాతి డి.ఎన్.ఏ. అది. పొడవు మాత్రమే చూసి పెద్దదే ముందుది అనేస్తే ఇలాంటి చోట బోల్తా పడతాం. అందుకే మొత్తం పొడవుతో తృప్తిపడకుండా, ఆ రెండు చోట్ల ఏ అక్షరం దగ్గర కోత మొదలై ఏ అక్షరం దగ్గర ముగిసిందో చూశారు. పనిమంతుడి చెయ్యి తెలిసేది ఇక్కడే.

2005లో అసలైన మలుపు వచ్చింది. 1996లో థాయ్‌లాండ్‌లో సేకరించిన రొయ్యల నుంచి ఇంకో నమూనా బయటికి తీశారు. దాని జన్యుపటం సుమారు 3,12,000 అక్షరాలు. అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్దది. 14/15 దగ్గర ఉన్న అక్షరాల అమరిక చూస్తే, అప్పటికి వర్ణించిన మిగతా నమూనాలన్నిటికీ ఇది పూర్వరూపం అయి ఉండవచ్చని తేలింది. 'అయి ఉండవచ్చు' అన్నది వాళ్ల మాటే, నేను తగిలించింది కాదు.

ఆ పూర్వరూపాన్నీ, అతి చిన్నదైన థాయ్ నమూనానూ టైగర్ రొయ్యలకు విడివిడిగా ఎక్కించి చూశారు. చిన్నది ఎక్కించిన గుంపులో సగం రొయ్యలు చనిపోవడానికి మూడున్నర రోజులు పట్టింది. పెద్దదానికి సుమారు పద్నాలుగు రోజులు. తర్వాత రెండింటినీ సమపాళ్లలో కలిపి ఎక్కించారు. ఆ రొయ్యల నుంచి వైరస్ తీసి మళ్లీ కొత్త రొయ్యలకు, వాటి నుంచి మళ్లీ కొత్తవాటికి. నాలుగు మార్పిళ్లు తిరిగేలోపే పెద్దది గల్లంతు, చిన్నదే మిగిలింది. చెరువు చూసినవాడికి మూడున్నరకూ పద్నాలుగుకూ ఉన్న తేడా అంకెల తేడాగా కనిపించదు. పద్నాలుగు రోజుల వ్యవధి ఉంటే ఆదరాబాదరాగానైనా పట్టుబడి పట్టి ఎంతో కొంత కౌంటుకు అమ్ముకోవచ్చు. మూడున్నర రోజుల్లో వలవాళ్లను పిలిచేసరికే పుణ్యకాలం దాటిపోతుంది. ఇది సూదితో ఎక్కించి చేసిన ప్రయోగం, చెరువులో లెక్క ఇలాగే ఉండాలని లేదు. పంతొమ్మిది వేల అక్షరాలు వదిలించుకున్నందువల్ల చిన్నది త్వరగా పెరిగి ఉండొచ్చని ఊహించి, అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదని వాళ్లే రాశారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది. అతి పెద్ద జన్యుపటం, అతి చిన్న జన్యుపటం రెండూ థాయ్‌లాండ్ రొయ్యల్లోనే, ఒకే 1996లోనే దొరికాయి. తొందరపాటు మనిషి ఏమంటాడు? పూర్వరూపం థాయ్‌లాండ్‌లో దొరికింది కాబట్టి వైరస్ పుట్టింది థాయ్‌లాండ్‌లోనే అంటాడు. కానీ జబ్బు మొదట కనిపించింది చైనా, తైవాన్‌లలో, అంతకు నాలుగైదేళ్ల ముందు. పాతరూపం ఒకచోట ఆలస్యంగా మిగిలి ఉండటానికీ అక్కడే పుట్టడానికీ సంబంధం ఉండాలన్న నియమం లేదు. అదే పాతరూపం చైనా సముద్రంలోనూ ఉండి ఉండవచ్చు, అక్కడ ఎవరూ ఆ సమయానికి రొయ్య పట్టి దాచి ఉండకపోవచ్చు. వయసు తెలిపే ఆధారాన్ని ఊరు తెలిపే ఆధారంగా వాడుకోకపోవడం ఈ పనిలోని నిగ్రహం. కోవిడ్ వాదాల్లో ఎంతమంది ఈ గీత దాటారో పత్రికలు చదివినవాళ్లకు తెలుసు.

ఇక 2010 నాటి వ్యాసం. అప్పటిదాకా వచ్చిన లెక్కలన్నీ కుప్పపోసి, ఐదు ఆసియా దేశాల నుంచి కొత్త నమూనాలు కూడా తెప్పించి, జ్వార్ట్ బృందం ఒక ప్రశ్న వేసింది. ఈ వైరస్ తగ్గిపోవడానికి ఒక పద్ధతి ఉందా? ఒక దేశంలో జబ్బు మొదటిసారి కనిపించిన సంవత్సరానికీ, అక్కడి వైరస్‌లో 23/24 దగ్గర ఉన్న కోత పొడవుకూ సంబంధం ఉందా? ఉంది, కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంత గట్టిగా ఉంది. ఒక కొలమానం మీద రోగచరిత్ర, ఇంకో కొలమానం మీద జన్యు అక్షరాలు. రెండూ వేర్వేరు మనుషులు వేర్వేరు పనుల కోసం రాసిపెట్టుకున్న లెక్కలు. ఒకదాన్ని చూసి ఇంకోటి దిద్దింది కాదు. అవి రెండూ ఒకచోట కలిసినప్పుడు వచ్చే బలం వేరు.

తర్వాత ఒక సాదా గణిత నమూనా కట్టారు. వైరస్ ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడు పోగొట్టుకునే అక్షరాలు, అంతకుముందు మెట్టులో పోగొట్టుకున్నవాటిలో ఎంత వంతు? లెక్క కట్టగా వచ్చిన సంఖ్య 0.371. మొదటి కోత వంద అనుకుంటే తర్వాతది ముప్పై ఏడు, ఆ తర్వాత పద్నాలుగు, ఆపైన ఐదు. అంటే కోతలు సన్నబడుతూ పోయి ఒక దగ్గర ఆగిపోతాయి. అన్నీ కలిపినా మొదటి కోతకు ఒకటిన్నర రెట్లు దాటి కొంచెమే. జన్యుపటం కాలక్రమంలో ఒక కొలతకు వచ్చి స్థిరపడుతోందన్న పరిశీలనకు ఇది సరిగ్గా సరిపోయింది.

అంతటితో ఊరుకుంటే ఇది మామూలు పనే. ఆ 0.371 పక్కనే ప్లస్ ఆర్ మైనస్ 0.150 అని రాసి ఉంది. అంటే వందకు ముప్పై ఏడు అన్నది ఇరవై రెండు కావచ్చు, యాభై రెండూ కావచ్చు. అంత వెడల్పాటి సందు వదిలిపెట్టి మరీ చెప్పగలిగిన మాట ఏమిటంటే, ఆ సంఖ్య ఒకటి కన్నా తక్కువ, అంటే కోతలు తగ్గుతూనే పోతాయి. వాళ్లకు కావలసింది ఆ ఒక్క సంగతే. సందు ఎంత వెడల్పున్నా ఒకటిని తాకడం లేదు. ఏ ప్రశ్నకు ఎంత ఖచ్చితత్వం చాలునో తెలిసి, అంతకు మించి నటించకపోవడం నేను చూసిన శాస్త్ర రచనల్లో తరచుగా ఎదురయ్యే గుణం కాదు.

ఎందుకు తగ్గిందన్న దానికి రెండు ఊహలు పక్కపక్కన పెట్టారు. మొదటిది, తగ్గడం వైరస్‌కు లాభం. విశాలమైన సముద్రంలో ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకు చేరాలంటే ఓపిక కావాలి, ఆతిథ్యమిచ్చిన ప్రాణిని త్వరగా చంపేస్తే తనకే నష్టం. ఎకరాకు వేలూ లక్షలూ పిల్ల వదిలిన చెరువులో ఆ బాధ లేదు, త్వరగా పెరిగిందే గెలుస్తుంది, బరువు దించుకున్నదే ముందుంటుంది. రెండోది, ఇందులో లాభం నష్టం ఏమీ లేదు, అక్కర్లేని ముక్కలు దారిలో వాటంతటవే జారిపోయాయి. వాళ్లు మొదటిదాని వైపు మొగ్గారు, చిన్న జన్యుపటానికీ వైరస్ సత్తాకూ సంబంధం చూపే ప్రయోగాలు ఉన్నాయన్నది అందుకు కారణంగా చూపించారు. రెండోదాన్ని కొట్టిపారేయలేదు. మొగ్గు చూపించి కారణం చెప్పడం, తలుపు మాత్రం వేయకపోవడం.

మొదటి ఊహ నిజమైతే మనకు మింగుడుపడని విషయం ఒకటి అందులో ఉంది. వైరస్ ఎక్కడ పుట్టినా దాన్ని ఇంత వేగంగా చంపేదిగా పెంచింది చెరువులే కావచ్చు. మన చెరువులు కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం చివర్లో చెప్పారు. వైరస్ సముద్ర ప్రవాహాల వెంట, అడవి రొయ్యల వెంట మెల్లగా పాకి ఉంటే పొరుగు దేశాల కోతలు మెట్టు మెట్టుగా, వరస క్రమంలో ఉండాలి. అలా లేవు. పక్కపక్కనే ఉన్న దేశాల మధ్య పొంతన తప్పి, దూరపు దేశాల మధ్య గెంతులు కనిపిస్తున్నాయి. అలలు అలా గెంతవు. వ్యాపారం గెంతుతుంది. తల్లిరొయ్యలు, సీడ్ సంచులు, చల్లబెట్టిన సరుకు ఓడలెక్కీ విమానాలెక్కీ తిరిగాయి, వాటితో పాటు వైరస్సూ తిరిగింది. జాగ్రత్తగా చూడండి, పుట్టిన ఊరు ఏదన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు. ఎలా ప్రయాణం చేసిందన్న ప్రశ్నకు జవాబు. అడిగిన ప్రశ్నకు దొరకని సమాధానం బదులు, దొరికిన సమాధానానికి తగిన ప్రశ్నను ఎంచుకున్నారు.

మన తీరానికి ఎలా చేరిందన్న దానికి, విదేశీ సీడ్‌తోనో తల్లిరొయ్యలతోనో వచ్చి ఉంటుందన్న అనుమానం మొదటినుంచీ ఉంది. 1994 నాటి దెబ్బకు సంబంధించిన కణజాలాన్ని మంగళూరు ఫిషరీస్ కాలేజీ శాస్త్రవేత్తలు సి.వి. మోహన్, కె.ఎం. శంకర్ బృందం సూక్ష్మదర్శినిలో పరిశీలించి 1998లో ప్రచురించింది. వాళ్లు తెల్లమచ్చ ఒక్కదాన్నే కాక, పసుపుతల జబ్బు లక్షణాలున్న రొయ్యలను కూడా చూశారు. ఆ ఏడాది పోయిన చెరువులన్నిటినీ తెల్లమచ్చ ఖాతాలో వేసేవాళ్లు ఈ వ్యాసం ఒకసారి చదవాలి. 2009లో విదేశీ రకమైన వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యలన్నీ ముందు చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి తీరాలని పెట్టిన షరతు వెనక ఈ అనుభవమే ఉంది. వనామీ వచ్చినా తెల్లమచ్చ మాత్రం పోలేదు, దానికి టైగర్ అయినా ఒకటే, వనామీ అయినా ఒకటే.

సరే, ఇదంతా దేశాల లెక్క. గట్టు మీద వాదం మాటేమిటి? దానికి ఈ కోతలు పనికిరావు. పక్కపక్క చెరువుల్లోని వైరస్‌లలో కోతలు ఒకేలా ఉండే అవకాశమే ఎక్కువ. అక్కడ ఇంకో పనిముట్టు కావాలి. ఈ వైరస్‌లో 94 నంబరు జన్యువులో 54 అక్షరాల ముక్క ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లన్నది నమూనాను బట్టి మారుతుంది. ఒకదాంట్లో ఎనిమిది, ఇంకోదాంట్లో పది అయితే ఆ ముక్క పొడవులో 108 అక్షరాల తేడా వస్తుంది. పి.సి.ఆర్. చేసి జెల్ మీద పరిగెత్తిస్తే పొట్టిది ముందు, పొడుగుది వెనక, రెండు గీతలుగా విడివిడిగా కనిపిస్తాయి. కంటితోనే పోల్చుకోవచ్చు. ఈ లెక్క తొందరగా మారుతుంది కాబట్టి చెరువుకూ చెరువుకూ తేడా చూపిస్తుంది. తొందరగా మారుతుంది కాబట్టే దేశానికీ దేశానికీ మధ్య చరిత్ర చెప్పలేదు. ఏ కొలతకు ఏ కర్ర వాడాలో తెలియడం సగం పనితనం.

ఈ కర్రతో ఆంధ్ర చెరువుల్ని కొలిచారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పీటర్ వాకర్, మంగళూరువాళ్లు, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా శాస్త్రవేత్తలు కలిసి, మన రాష్ట్రంలో చిన్నకారు రైతుల టైగర్ చెరువుల్ని పంట పొడుగునా వెంబడించి 2011లో అక్వాకల్చర్ పత్రికలో జంట వ్యాసాలు రాశారు. వైరస్ లేదని తేలిన పిల్లను వదిలిన చెరువులవి. అయినా జబ్బు పడింది. పడిన చెరువుల్లో ఒక్క రకం వైరస్ కాదు, రకరకాల జన్యురూపాలు కనిపించాయి. ఒక్క దారిన వచ్చినదైతే ఇన్ని రూపాలు ఉండటం కష్టం. నీళ్లు, పీతలు, కాలువ, పక్క చెరువు, అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయని దాని అర్థం. తొంభైకి పైగా రకాల పీతలకూ రొయ్యలకూ సోకగల వైరస్ ఇది, తలుపులకు కొదవా? హేచరీని ఒక్కదాన్నే తిట్టేవాళ్లకూ, పక్కవాణ్ని ఒక్కణ్నే తిట్టేవాళ్లకూ ఈ వ్యాసం అంతగా రుచించదు.

కోవిడ్ దగ్గరికి వస్తే, అక్కడి పనిలోనూ మెచ్చుకోవలసినవి ఉన్నాయి. 2022లో మైకేల్ వోరోబీ బృందం 2019 డిసెంబరు నాటి 155 మంది రోగుల ఇళ్లను వూహాన్ పటం మీద గుర్తించి చూస్తే, హువానాన్ మార్కెట్‌తో ఏ సంబంధమూ లేదన్నవాళ్ల ఇళ్లు కూడా దాని చుట్టూనే గుమికూడాయి. రోగులు తమ నోటితో చెప్పినదానికి భిన్నంగా చిరునామాలు సాక్ష్యం చెప్పడం అందులో ఉన్న అందం. తర్వాత మార్కెట్ బండల మీద తుడిచి తీసిన నమూనాల్లో వైరస్ ఆనవాళ్లతో పాటు రకూన్ డాగ్ డి.ఎన్.ఏ. కూడా కనిపించింది. రెండూ ఒకే గుడ్డకు అంటుకున్నంత మాత్రాన ఆ జంతువుకు జబ్బు ఉందని తేలదు, ఆ మాట ఆ శాస్త్రవేత్తలే అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సలహా సంఘం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, ఉన్న ఆధారాల మొగ్గు జంతువుల నుంచి రావడం వైపే ఉందని, అయితే చైనా నుంచి రావలసిన సమాచారం రానంతవరకు ఏ ఊహనూ తోసిపుచ్చలేమని రాసింది.

రొయ్యల వైరస్‌కూ దీనికీ ఉన్న తేడా నా దృష్టిలో శాస్త్రంలో లేదు. తెల్లమచ్చ పుట్టుక తేలితే ఏ ప్రభుత్వమూ తల వంచుకోనక్కర్లేదు. అందుకే అక్కడ 'కావచ్చు' అన్న మాట హాయిగా బతికింది. కోవిడ్ విషయంలో 'కావచ్చు' అంటే దాటవేత, 'అవును' అంటే కుట్ర అయిపోయాయి. ఒకే రకం ఆధారం, ఒకే రకం సందేహం, చదివేవాళ్లే వేరు.

ఇంకా వెనక్కి, చెరువులు తవ్వకముందు ఈ వైరస్ ఏమిటన్న ప్రశ్నకు జపాన్ నుంచి జవాబులో ఒక భాగం వచ్చింది. 2019లో టోక్యోకు చెందిన సతోషి కవాతో, ఇకువో హిరోనో బృందం చేసిన పని అది. అప్పటికి తెల్లమచ్చ వైరస్‌కు దాని కుటుంబంలో గుర్తించిన మరో సభ్యుడు లేడు. ఒంటరివాడి వంశవృక్షం గీయడం ఎలా? వాళ్లు వైరస్‌ను వెతకడం మానేసి రొయ్యల్నీ పీతల్నీ వెతికారు. ఎప్పుడో పురాతన కాలంలో సోకిన వైరస్‌ల ముక్కలు ఆతిథ్యమిచ్చిన ప్రాణుల సొంత డి.ఎన్.ఏ.లో ఇరుక్కుపోయి తరతరాలుగా నడిచి వస్తుంటాయి. పద్నాలుగు ప్రాణుల జన్యుపటాలు జల్లెడ పడితే అలా దాక్కున్న బంధువులు ఐదు దొరికాయి. వాటన్నిటిలోనూ, తెల్లమచ్చలోనూ ఉన్న ఉమ్మడి జన్యువులు ఇరవై ఎనిమిది. అందులో పదమూడు ఏం పని చేస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు, కానీ అన్ని తరాలూ వాటిని వదలకుండా మోశాయంటే అవి లేకపోతే వైరస్ బతకదన్నమాట. ఆ ఉమ్మడి ఆస్తి మీద తెల్లమచ్చ తాను వేరుగా సంపాదించుకున్న జన్యువులు ఉన్నాయి, కొన్నింటిని పదేపదే నకలు చేసుకుంది కూడా. పైపొర ప్రోటీన్లవీ, రొయ్యను చంపే శక్తికి సంబంధించినవీ అందులో ఉన్నాయి. దాన్ని ఇంత క్రూరంగా చేసినవి ఆ అదనపు జన్యువులే కావచ్చన్నది వాళ్ల మాట. ఇక్కడా 'కావచ్చే'.

కవాతో వ్యాసాన్నీ జ్వార్ట్ వ్యాసాన్నీ వరసగా చదివితే ఒక విచిత్రం తోస్తుంది. ఒకరు వైరస్ సంపాదించుకున్న జన్యువుల కథ చెబితే, ఇంకొకరు పోగొట్టుకున్న అక్షరాల కథ చెప్పారు. మొదటిది ఎంతో కాలం వెనక మొదలైన కథ, రెండోది మన కళ్లముందు పదిహేను ఇరవై ఏళ్లలో జరిగినది. ఈ రెండింటి మధ్య, తొంభైల మొదట్లో అది ఏ సముద్రపు ప్రాణి నుంచి ఏ చెరువులోకి దిగిందన్న ఒక్క పేజీ ఖాళీగా ఉంది. అది పూరించాలంటే అప్పటి అడవి పీతలూ రొయ్యలూ ఏదో ఒక ప్రయోగశాల సీసాలోనో, మైనపు దిమ్మెలోనో మిగిలి ఉండాలి. మంగళూరులో 1994 నాటి కణజాలాన్ని భద్రపరిచి, నాలుగేళ్ల తర్వాత తీరిగ్గా కూర్చుని రాసినవాళ్ల విలువ నాకు అప్పుడు ఇంకాస్త పెరిగింది.